సంచి చేతికొచ్చాక

2025 వానాకాలంలో తెలంగాణలో మక్క వేసిన రైతు ఆ రోజులను అంత తొందరగా మరచిపోడు. తెల్లవారకముందే ఎరువుల గోదాముల ముందు వరుసలు. నిలబడలేనివాళ్లు తమ వంతుగా చెప్పులు పెట్టారు. కొందరు పాసుపుస్తకాలు వరుసలో పేర్చారు. రోజంతా కాచుకుంటే ఒకటో రెండో సంచుల యూరియా. దాన్ని బండి మీద వేసుకుని ఇల్లు చేరిన మనిషి నోట ఒకటే మాట: "హమ్మయ్య, దొరికింది."

ఈ అధ్యాయం ఆ "హమ్మయ్య" తర్వాత జరిగేదాని గురించి.

మరుసటి పొద్దున సంచి చేనుకు చేరుతుంది. తువ్వాలు ఒడిగా కట్టుకుని, యూరియా పోసుకుని, చాళ్ల మధ్య నడుస్తూ ఎడమకూ కుడికీ విసురుతాం. ఎకరం గంటలో అయిపోతుంది. మా ఇంట్లో నాన్న అలాగే చల్లేవాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. పైరు నాలుగు రోజుల్లో నల్లబడితే మందు పనిచేసిందనుకునేవాళ్లం, లేకపోతే ఇంకో సంచి. చల్లినదాంట్లో పైరుకు ఎంత అందింది, ఎంత పోయింది అని మాలో ఎవరమూ అడగలేదు.

సంచి దొరకడం, దొరకకపోవడం చాలాసార్లు మన చేతిలో ఉండదు. దొరికిన సంచి గింజగా మారడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. సంచి కోసం పడిన ఓపికలో నాలుగో వంతు దాన్ని వేసే పని మీద పెట్టగలిగితే తక్కువ యూరియాతో అంతే పంట తీయవచ్చు. ఎలాగో చూద్దాం.

ఏడు కిలోల సంచి

1999లో అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు విలియం రాన్, గోర్డన్ జాన్సన్ ప్రపంచమంతటి ధాన్యపు పంటల లెక్కలు కూర్చి చూశారు. రైతులు వేసిన నత్రజనిలో గింజకు చేరింది సుమారు 33 శాతమని తేల్చారు.

ఆ లెక్కను మన సంచికి వేద్దాం. యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల సంచిలో 20.7 కిలోలు. అందులో మూడో వంతు, అంటే సుమారు ఏడు కిలోలు గింజకు చేరుతుంది. మిగతాదాంట్లో కొంత చొప్పలో ఉంటుంది, కొంత నేలలోని సేంద్రియ పదార్థంలో కలుస్తుంది. పెద్ద వాటా మాత్రం చేను దాటి పోతుంది.

మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. అయినా మొక్కజొన్న దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ గాలిని అమ్మోనియాగా మార్చే పద్ధతిని జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపించాడు. 1913లో ఓపావులో దాని కర్మాగారం నడిచింది. మన రామగుండంలో ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేయగల కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సహజవాయువును మండించి, గొప్ప వేడిమీద, గొప్ప ఒత్తిడిలో గాలి నుంచి దింపిన నత్రజని అది. దాన్ని నాలుగు రోజుల్లో తిరిగి గాలికే అప్పగిస్తున్నామంటే మనసుకు కష్టంగా ఉండాలి.

పోయే దారులు మూడు

మొదటి దారి గాలి. నేల పైన పడిన యూరియాను నేలలోని యూరియేజ్ అనే ఎంజైము అమ్మోనియాగా మారుస్తుంది. యూరియా గింజ మట్టి కింద ఉంటే ఆ అమ్మోనియాను మట్టి పట్టుకుంటుంది. పైనే ఉంటే వాయువై లేచిపోతుంది. ఎండ, గాలి, క్షారగుణమున్న నల్ల రేగడి ఈ నష్టాన్ని పెంచుతాయి. ఎండిన నేల మీద పడి, రాత్రి మంచుకు కరిగి, పొద్దున ఎండకు ఆరే యూరియాది అన్నిటికంటే చెడ్డ గతి. కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోసిన మళ్లలో దున్నకుండా వేసే మొక్కజొన్నకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కొయ్యకాళ్ల మీద, గడ్డి మీద యూరియేజ్ జోరుగా పనిచేస్తుంది.

రెండో దారి నేల లోతు. అమ్మోనియం మట్టి రేణువులకు అతుక్కుంటుంది. సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మార్చాక ఆ పట్టు ఉండదు. నీరు ఎటు పోతే నైట్రేట్ అటు పోతుంది. చల్కా, దుబ్బ నేలల్లో ఒక పెద్ద వాన చాలు, వేర్లు అందుకోలేని లోతుకు దిగిపోతుంది. అక్కడి నుంచి బావిలోకి, బోరులోకి. తాగేనీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. మించిన నీటితో పాలు కలిపి పట్టే పసిపిల్లలకు అది ప్రమాదం. చేనులో పోయిన నత్రజని ఇంటి గ్లాసులోకే తిరిగి రాగలదని దీని అర్థం.

మూడో దారి నిలువ నీరు. వానాకాలంలో చేను జాలువారితే నేలలో గాలి ఆడదు. అప్పుడు బ్యాక్టీరియా నైట్రేట్ నుంచే ప్రాణవాయువు తీసుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తుంది. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు బలమైనది.

మన యూరియాకు ఉన్న వేప పూత రెండో దారిని, మూడో దారిని కొంత నెమ్మదింపజేస్తుంది. అమ్మోనియం నైట్రేట్‌గా మారే వేగాన్ని అది తగ్గిస్తుంది. గాలిలోకి లేచే అమ్మోనియాను మాత్రం వేప పూత ఆపదు. ఆ పని మట్టి చేయాలి, మట్టి కప్పే పని మనం చేయాలి.

మనసులో ఉన్న నాలుగో దారి

ఈ నాలుగోది ఏ నేల పరీక్షలోనూ కనిపించదు. పక్క చేను మనకంటే పచ్చగా ఉంది. అతను నాలుగో సంచి వేశాడట. మనం వేయకపోతే వెనకబడతామేమో. రేపు యూరియా దొరకదేమో, ఉన్నప్పుడే వేసేస్తే ఓ పని అయిపోతుంది. ఎక్కువ వేసే సంచుల వెనక నేను చూసింది చాలాసార్లు ఈ బెంగనే.

ఆ బెంగను తప్పుపట్టను. అప్పు చేసి విత్తనం పెట్టిన మనిషికి అది రాకుండా ఎలా ఉంటుంది? పైగా సబ్సిడీ పుణ్యాన సంచి ధర రూ.266.50. అన్ని ఖర్చుల్లో చిన్న ఖర్చు అదే. ఇంకో సంచి వేస్తే పోయేదేముంది అనిపిస్తుంది. పోయేది వేరేచోట పోతుంది. ఎక్కువ నత్రజనితో మెత్తబడిన కాండం గాలివానకు పడిపోతుంది. లేత ఆకుకు పురుగు తొందరగా చేరుతుంది. ఏళ్ల తరబడి వేస్తే నేల పులుస్తుంది. ఈ ఖర్చులేవీ ఎరువుల దుకాణం రసీదులో కనిపించవు.

ఆకు పచ్చదనానికి ఒక హద్దు ఉంటుంది. మొక్కకు సరిపోయాక ఇంకెంత వేసినా పంట పెరగదు. గట్టు మీద నిలబడి చూసే కన్ను ఆ హద్దును పట్టుకోలేదు. దాన్ని పట్టుకునే కొలతలు కొన్ని ఉన్నాయి. వాటిని అలవాటు చేసుకుంటే బెంగ దానంతట అదే సన్నగిల్లుతుంది.

మొదటి అలవాటు: సంచుల్లో కాక కిలోల్లో ఆలోచించండి

"ఎన్ని సంచులు వేశావు?" అని అడిగే ఊళ్లో "ఎన్ని కిలోల నత్రజని వేశావు?" అని అడగడం మొదలుపెట్టండి. వానాకాలం నీటి వసతి కింద మొక్కజొన్నకు తెలంగాణలో సిఫారసు ఎకరాకు 80 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. యాసంగిలో దిగుబడి ఎక్కువ కాబట్టి నత్రజని 96 కిలోలు.

వానాకాలం లెక్క చూడండి. ఒక 50 కిలోల డీఏపీ సంచిలో 23 కిలోల భాస్వరం ఉంటుంది, దాంతోపాటు 9 కిలోల నత్రజని కూడా. చాలామంది ఈ తొమ్మిదిని లెక్కలోకి తీసుకోరు. తీసుకుంటే యూరియా నుంచి రావలసింది 71 కిలోలే. 71ని 0.46తో భాగిస్తే 154 కిలోల యూరియా. సంచుల్లో చెప్పాలంటే మూడున్నరకు కాస్త తక్కువ.

పశువుల ఎరువు తోలారా? టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది. అదంతా ఆ పంటకే అందదు కానీ లెక్కలో సున్నా వేయకూడదు. ముందు పంట పెసరా, సోయానా? జీలుగ వేసి కలియదున్నారా? వాటి సాయమూ నేలలో ఉంది. ఈ సంగతులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాకే దుకాణానికి వెళ్లండి.

రెండో అలవాటు: అదను పట్టండి

మొదటి 25 రోజులు మొక్కజొన్న తినేది చాలా కొంచెం. మోకాలెత్తు దాటాక ఆకలి విజృంభిస్తుంది. కండెకు ఎన్ని వరుసల గింజలుండాలో ఆ దశలోనే మొక్క లోపల నిర్ణయమవుతుంది. అక్కడి నుంచి జల్లు వేసేదాకా నెల రోజుల్లో తనకు కావలసిన నత్రజనిలో పెద్ద భాగం లాగేసుకుంటుంది. పీచు ఎండిపోయాక వేసింది గింజకు చేరేది చాలా తక్కువ.

కాబట్టి వానాకాలంలో మూడు వంతులుగా వేయాలి. విత్తేటప్పుడు ఒకటి, 25–30 రోజులకు ఒకటి, 50–55 రోజులకు ఒకటి. పై లెక్క ప్రకారం విత్తేటప్పుడు డీఏపీతో పాటు 38 కిలోల యూరియా, తర్వాత రెండుసార్లు 58 కిలోల చొప్పున. యాసంగిలో నాలుగు వంతులు: విత్తేటప్పుడు, 25–30, 45–50, 60–65 రోజులకు. డ్రిప్ ఉన్నవాళ్లు ఇంకా చిన్న వంతులుగా వారం వారం ఇవ్వవచ్చు.

పసిబిడ్డకు వారం పాలు ఒకేరోజు పట్టం కదా. చల్కా నేల ఉన్నవాళ్లు ఈ మాట మరింత గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నేలకు దాచిపెట్టే శక్తి ఎంత తక్కువైతే వంతులు అంత చిన్నవి కావాలి.

మూడో అలవాటు: పదును చూడండి

మబ్బు పట్టగానే యూరియా తీసుకుని చేనుకు పరుగెత్తడం మనకు అలవాటు. చిన్న జల్లు పడితే మంచిదే, యూరియాను మట్టిలోకి దింపుతుంది. కుంభవృష్టి పడితే చేతికొచ్చిన సంచి వాగులో కలుస్తుంది. వాతావరణ శాఖ సూచన ఇప్పుడు ప్రతి ఫోనులో ఉంది. భారీ వాన హెచ్చరిక ఉంటే రెండు రోజులు ఆగండి. ఆ రెండు రోజులకు పైరేమీ ఆగమైపోదు.

వాన తెరిపిచ్చి, నీరు ఇంకి, అడుగు వేస్తే మట్టి కాలికి అంటనంత పదునులో ఎరువు వేయడం అన్నిటికంటే మంచిది. నీళ్లు పెట్టుకునే చేను అయితే ఎరువు వేసి కప్పాక పలుచని తడి ఇవ్వండి. ఎరువు వేసి, తడి ఇవ్వకుండా ఎండకు వదలడం, లేదా చాలు నిండా నీళ్లు నిలబెట్టడం, రెండూ నష్టమే.

నాలుగో అలవాటు: వేరు దగ్గర పెట్టి, మట్టి కప్పండి

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క పనే చేయగలనంటే ఇది చేయండి. మొక్కకు ఐదారు సెంటీమీటర్ల దూరంలో, నాలుగైదు సెంటీమీటర్ల లోతులో ఎరువు పడి పైన మట్టి కప్పితే గాలిలోకి పోయే దారి చాలావరకు మూసుకుంటుంది. కాండానికి మరీ ఆనించి వేస్తే వేరు కాలుతుంది. చల్లేటప్పుడు ఆకు సుడిలో పడిన గింజలు ఆకును మాడుస్తాయి. చోటు చూసి వేస్తే ఈ రెండు బాధలూ ఉండవు.

కూలీలు దొరకరు, ఖర్చు ఎక్కువ అంటారు. నిజమే. దానికో మధ్యేమార్గం ఉంది. సాలు పక్కన గీతగా ఎరువు పోసుకుంటూ వెళ్లండి, వెనకే గుంటక తోలి మట్టి ఎగదోయండి. 25–30 రోజులప్పుడు కలుపు కోసం గుంటక ఎలాగూ తోలుతాం. ఎరువు వేయడం, గుంటక తోలడం ఒకే పూట పెట్టుకుంటే అదనపు కూలీ లేదు. మనం తప్పుచేసేది సాధారణంగా వరుసలోనే: ముందు గుంటక తోలి, తర్వాత రోజు యూరియా చల్లుతాం. దున్నకుండా వేసిన చేనులో గుంటక నడవదు, అక్కడ మొక్కల పక్కన కర్రతో గుంత చేసి వేసి, కాలితో మూయడమే దారి.

ఒక చిన్న లెక్క మీ చేతికి నేర్పండి. 60 సెం.మీ. సాళ్లలో 20 సెం.మీ. ఎడంతో వేస్తే ఎకరాకు సుమారు 33,700 మొక్కలు. 58 కిలోల యూరియాను వాటికి పంచితే మొక్కకు 1.7 గ్రాములు. ఇంట్లో చిన్న తూకం ఉంటే మీ మూడువేళ్ల చిటికెలు ఇరవై తీసి తూచండి. 35 గ్రాముల దగ్గర రావాలి. 60 వస్తే మీ చిటికె ఒకటిన్నర రెట్లకు పైగా వేస్తోందన్నమాట. రైతు చేతికి కొలత వస్తే యంత్రంతో సమానం.

ఐదో అలవాటు: తోడు లేకుండా యూరియా వేయకండి

అడుగున చిల్లి ఉన్న కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిండదు. జింకు లోపించిన నేలలో యూరియా సంగతీ అంతే. లేత ఆకుల మొదళ్ల దగ్గర, ఈనెకు రెండువైపులా తెల్లని పట్టీలు వస్తే అది జింకు లోపం. ముదురు ఆకుల అంచులు మాడుతుంటే పొటాష్ లోపం. ముదురు ఆకు కొసన మొదలై, మధ్య ఈనె వెంట లోపలికి వెళ్లే పసుపు గుర్తు కనిపిస్తేనే అది నత్రజని ఆకలి. ఈ మూడు పసుపులనూ వేరుచేసి చూడగలిగితే అక్కరలేని సంచి ఒకటి మిగిలినట్టే.

ఆకుల మీద పిచికారీ చేసే నానో యూరియా గురించి చాలామంది అడుగుతారు. 2021లో వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. సంచిలో ఉన్నది 20.7 కిలోలు. తప్పనిసరి వేళ పైరుకు ఊతంగా పిచికారీ చేయవచ్చు. నేలకు ఇచ్చే మోతాదును దానితో పూర్తిగా మార్చేయడానికి మాత్రం ఈ లెక్క చూసి జంకుతాను.

సాక్షి మళ్లు

ఇదంతా నేను చెప్పానని నమ్మవద్దు. మీ నేలనే అడగండి. చేను మధ్యలో, గట్టుకు దూరంగా, ఐదు మీటర్ల పొడవు ఐదు మీటర్ల వెడల్పుతో రెండు మళ్లు గుర్తుపెట్టి కర్రలు పాతండి.

మొదటి మడికి యూరియా అసలు వేయకండి. భాస్వరం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో, పొటాష్ మామూలుగా ఇవ్వండి. రెండో మడికి ప్రతి విడతలో మిగతా చేనుకంటే సగం ఎక్కువ నత్రజని పడేలా యూరియా వేయండి. పైపాటు విడతలో చేనుకు ఎకరాకు 58 కిలోలు వేస్తుంటే ఈ మడికి 540 గ్రాములు పడాలి.

మూడో విడతకు ముందు, 50 రోజుల దగ్గర, రెండో మడినీ పక్కనున్న చేనునూ ఒకే వెలుగులో చూడండి. ఎక్కువ వేసిన మడి చేనుకంటే నల్లగా కనిపిస్తే చేను ఆకలితో ఉంది, మూడో విడత పూర్తిగా వేయండి. రెండూ ఒకేలా ఉంటే చేనుకు అప్పటికి సరిపోయింది. ఆ విడతను ధైర్యంగా తగ్గించవచ్చు. పక్క చేనుతో పోల్చుకునే కన్నుకు ఇప్పుడు పోల్చుకోవడానికి సరైన చోటు దొరికింది.

కోతప్పుడు మూడు చోట్లా 25 చదరపు మీటర్ల కండెలు విడిగా కోసి, ఎండబెట్టి, ఒలిచి తూచండి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. ఉదాహరణకు యూరియా లేని మడిలో 7.4 కిలోలు, చేనులో 17.3 కిలోలు వచ్చాయనుకుందాం. ఎకరాకు 12 క్వింటాళ్లు, 28 క్వింటాళ్లు. తేడా 1,600 కిలోలు. వేసిన 80 కిలోల నత్రజనితో భాగిస్తే కిలోకు 20 కిలోల గింజ. సగం ఎక్కువ వేసిన మడిలోనూ 17.3 కిలోలే వస్తే? అక్కడ వేసింది 120 కిలోలు, కిలోకు వచ్చిన గింజ 13 కిలోలకు పడిపోయింది. ఆ అదనపు 40 కిలోల నత్రజని, అంటే దాదాపు రెండు సంచులు, ఒక్క గింజనూ ఇవ్వలేదు.

లెక్క తప్పినప్పుడు

చేను నీట మునిగి పసుపెక్కితే ముందు చేయాల్సింది కాలువ తీసి నీరు బయటికి పంపడం. నిలువ నీటిలో చల్లిన యూరియా మూడో దారినే పోతుంది. నీరు తీసేదాకా పైరు నిలదొక్కుకోవడానికి లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 ఎరువు కలిపి పిచికారీ చేయవచ్చు. నేల పదునుకు వచ్చాక 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ మొక్కల దగ్గర వేయండి.

సంచి ఆలస్యంగా దొరికితే పోయిన విడతనూ ఇప్పటి విడతనూ కలిపి ఒకేసారి వేయకండి. ఉన్నదాన్ని మోకాలెత్తు నుంచి జల్లు వేసేలోపు రెండుగా పంచి, మట్టి కప్పండి. ఒకే సంచి ఉంటే మోకాలెత్తు దశకు దాచండి.

ఈ పంటకు మీ పని

1. విత్తకముందు నోటుపుస్తకంలో ఒక పేజీ తీయండి: ముందు పంట, పశువుల ఎరువు, నేల పరీక్ష ఫలితం, వేయబోయే నత్రజని కిలోల్లో.
2. విడతల తేదీలు విత్తిన రోజునే రాసుకోండి. ప్రతి తేదీ పక్కన "వాన సూచన చూశానా?" అని రాయండి.
3. మీ చిటికె తూచండి. ఇంట్లో ఎరువు వేసే ప్రతి ఒక్కరి చిటికె తూచండి.
4. రెండు సాక్షి మళ్లకు కర్రలు పాతండి. ఎందుకు పాతారో ఇంట్లోవాళ్లకు చెప్పండి, లేకపోతే మంచి మనసుతో ఎవరో ఒకరు అక్కడా యూరియా చల్లేస్తారు.
5. ఎరువు వేసినవెంటనే గుంటక తోలే మనిషిని ముందే మాట్లాడుకోండి.

మొదటి ఏడాది ఐదూ కుదరకపోతే, మట్టి కప్పడం మానకుండా, ఈ జాబితాలోని మూడోదీ నాలుగోదీ చేయండి. కోతయ్యాక ఒక సాయంత్రం కల్లంలో మూడు చిన్న గోనెలు పక్కపక్కన పెట్టి తూచి, ఆ మూడు అంకెలు అదే పేజీ కింద రాయండి. వచ్చే ఏడాది యూరియా కోసం బయలుదేరే ముందు ఆ పేజీ తెరవండి. ఎన్ని సంచులకు వరుసలో నిలబడాలో మీ సొంత నేల అక్కడ రాసి ఉంచుతుంది.